వాలెట్టాను ఒక్క రోజులో ఎలా చూడాలి

"మాల్టా వెళుతున్నాం, వాలెట్టాకు ఒక్క రోజు సరిపోతుందా?" ఈ ప్రశ్న నాకు నెలకు రెండుసార్లైనా వస్తుంది. ఎక్కువగా లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వస్తుంది, ఈ మధ్య హైదరాబాదు నుంచి కూడా వస్తోంది. విడివిడిగా జవాబు రాసి రాసి విసుగొచ్చి, అంతా ఒకచోట పెడుతున్నాను.

సరిపోతుంది. మాల్టా రాజధానే అయినా ఊరి పొడవు సుమారు కిలోమీటరు, వెడల్పు అందులో సగానికి కాస్త ఎక్కువ. 1888లో చదువు కోసం లండన్ వెళుతున్న గాంధీగారు కూడా ఓడ ఆగిన కొద్ది గంటల్లోనే ఈ ఊరు చూసి వెళ్ళారు. చిక్కంతా వరుసతోనే. ఉదయం చూడవలసినదాన్ని సాయంత్రానికి వాయిదా వేస్తే తలుపులు మూసి ఉంటాయి, సాయంత్రం ఎక్కవలసిన పడవ ఉదయం ఎక్కితే ఎండ ఎదురుగా కొడుతుంది.

ఇంకొక మాట. 1565లో ఒట్టోమన్ సేనలు నెలల తరబడి ముట్టడించి వెనుదిరిగాక, అప్పట్లో మాల్టాను ఏలుతున్న క్రైస్తవ యోధుల సంఘం, సెయింట్ జాన్ నైట్లు, 1566 మార్చి 28న ఈ ఊరికి శంకుస్థాపన చేశారు. రెండు రేవుల మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద, సముద్రం వైపు ముఖం పెట్టి కట్టారు. బస్టాండు వైపు నుంచి లోపలికి వెళ్ళి, అదే దారిన బయటికి వచ్చేవారు చూసేది ఊరి వీపునే. అందుకే నా పద్ధతిలో రోజులో రెండుసార్లు నీళ్ళ మీదికి వెళ్ళి ఊరిని వెనుదిరిగి చూస్తారు. చరిత్ర పాఠం ఇంతటితో చాలు.

కావలసినవి

• షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి తప్పనిసరి. జర్మనీ, ఫ్రాన్స్ వంటి షెంగెన్ దేశాల నివాస కార్డు ఉంటే విడిగా అక్కరలేదు. బ్రిటన్‌లో ఉండేవారు ఇక్కడే పొరబడతారు. మాల్టాలో ఇంగ్లీషు అధికార భాష, బళ్ళు ఎడమవైపు నడుస్తాయి, వీధి మూలల్లో ఎర్రటి ఫోను డబ్బాలు కూడా ఉంటాయి. అంతమాత్రాన బ్రిటన్ వీసా చెల్లదు. వీసా దరఖాస్తుకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా కావాలి.

• మూడు చదరపు పుల్లల ప్లగ్గు. బ్రిటన్‌లో వాడేదే. "యూరప్ అడాప్టర్" అని అడిగితే దుకాణంవారు రెండు గుండ్రటి పుల్లలది ఇస్తారు, మాల్టా గోడలో అది దూరదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అలాంటిది పట్టుకెళ్ళి, మర్నాడు ఉదయం పదిశాతం ఛార్జితో ఊళ్ళోకి దిగాను.

• అడుగు భాగం పట్టు ఉన్న బూట్లు. వీధుల రాయి మెత్తని సున్నపురాయి, కాళ్ళు పడీ పడీ నున్నబడింది. చినుకు పడితే సబ్బు రాసినట్టే.

• చర్చిలో భుజాలు కప్పుకోవడానికి చున్నీ. చీర, చుడీదార్ అయితే ఇబ్బందే లేదు.

• తాకితే చాలే బ్యాంకు కార్డు, దానితోపాటు యూరో చిల్లర. బస్సుకు కార్డు చాలు, చిన్న పడవలకు చిల్లరే నయం.

• టోపీ, నీళ్ళ సీసా. కుళాయి నీళ్ళు తాగవచ్చు, అయితే సముద్రపు నీటిని శుద్ధి చేసి కలుపుతారు కాబట్టి రుచి అంతంతమాత్రం.

నెలల సంగతికి వస్తే ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్ళీ సెప్టెంబరు చివర, అక్టోబరు నెలలు హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో విజయవాడ ఎండకు అలవాటుపడినవారు కూడా ఈ రాతి వీధుల్లో మధ్యాహ్నం తిరగలేరు. ఎండ పైనుంచీ కొడుతుంది, గోడల నుంచీ కొడుతుంది.

1. ముందు రోజును ఎంచుకోండి

ఆదివారం వద్దు. ఊరికి తలమానికమైన పెద్ద చర్చి సెయింట్ జాన్స్ కో-కథెడ్రల్‌లోకి ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో సందర్శకులను రానివ్వరు, ప్రార్థనకు వచ్చేవారికే ప్రవేశం. వారాంతానికి ఎగిరి వచ్చేవారు శనివారం సముద్రస్నానానికి, ఆదివారం వాలెట్టాకు అని పెట్టుకుంటారు. దాన్ని తిరగేయండి.

సెలవులు కూడా చూసుకోండి. మార్చి 31, ఆగస్టు 15, సెప్టెంబరు 8, సెప్టెంబరు 21 అన్నీ అక్కడ సెలవులే. మన ఆగస్టు 15 వాళ్ళకు సాంటా మరియా పండుగ. సెప్టెంబరు 8 ముట్టడి ముగిసిన విజయానికి గుర్తు. ఆ రోజు కథెడ్రల్ పోతుంది కానీ రేవులో పడవ పందేలు ఉంటాయి కాబట్టి, పందేల కోసం వెళ్ళేవారు వెళ్ళవచ్చు.

విహార ఓడలు వచ్చే తేదీలు రేవువారు ముందే ప్రకటిస్తారు. ఒకేరోజు రెండు మూడు పెద్ద ఓడలుంటే ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ప్రధాన వీధి తిరణాలే. రోజు మార్చలేకపోతే తొమ్మిదికే కథెడ్రల్ తలుపు దగ్గర ఉండండి.

2. టికెట్లు ముందే తీసుకోండి, ఏది దేనిలో కలుస్తుందో చూసుకోండి

కథెడ్రల్ టికెట్ ఒక్కొక్కరికి సుమారు 15 యూరోలు, చెవిలో వివరించే పరికరంతో కలిపి. మాల్టా వారసత్వ సంస్థ అమ్మే ఉమ్మడి పాసు కొని, కథెడ్రల్ కూడా అందులోనే ఉందనుకుని వరుసలో నిలబడి వెనక్కి వచ్చినవారు చాలామంది. కథెడ్రల్‌ను నడిపేది వేరే సంస్థ, టికెట్ వేరు. ఒక్క రోజుకు ఉమ్మడి పాసు గిట్టుబాటు కాదు కూడా.

హాల్ సఫ్లీని హైపోజియం గురించి అడుగుతుంటారు. అది పక్కనే ఉన్న పావోలాలో వేల ఏళ్ళ నాటి భూగర్భ సమాధుల గుహ. ఒక విడతకు పదిమందినే పంపుతారు, టికెట్లు వారాల ముందే అయిపోతాయి. దొరికితే వదలకండి, కానీ ఇదే రోజులో ఇరికించకండి.

3. వెళ్ళేటప్పుడు బస్సులో వెళ్ళండి

ఎక్కడ బస చేసినా వాలెట్టాకు బస్సు ఉంటుంది, ద్వీపం మొత్తానికీ ఇదే కూడలి. విమానాశ్రయం నుంచి ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి నుంచి ఎక్స్ అక్షరంతో మొదలయ్యే నంబర్ల బస్సులు ఉంటాయి. ఒకసారి తీసుకున్న టికెట్ రెండు గంటలపాటు చెల్లుతుంది, మధ్యలో బస్సు మారినా మళ్ళీ కొనక్కరలేదు.

హెచ్చరిక: స్టాపులో ఊరికే నిలబడితే బస్సు ఆగదు. చెయ్యి ఊపాలి. మనవారికి ఇది కొత్త కాదు కానీ, యూరప్ కదా అని మర్యాదగా నిలబడి రెండు బస్సులు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

కారు అద్దెకు తీసుకోవద్దు. ఊళ్ళోకి వచ్చే బండ్లను కెమెరాలు లెక్కగట్టి రుసుము వేస్తాయి. పైగా ఆకుపచ్చ గీతల మధ్య నిలిపే హక్కు స్థానికులదే.

పేర్లు పలకడంలో ఒక చిట్కా. మాల్టీసు అరబ్బీకి దగ్గరి భాష, రాసేది రోమన్ లిపిలో. బోర్డు మీద ఎక్స్ కనిపిస్తే "ష" అనండి, అప్పుడు జాలరుల ఊరి పేరు మార్సష్లోక్ అవుతుంది. క్యూ అక్షరాన్ని గొంతులో మింగేస్తారు. వీధి అనే మాట "ట్రి" అని తెగినట్టు వినిపిస్తుంది. వాలెట్టాను వాళ్ళు "ఇల్-బెల్ట్" అంటారు, అంటే పట్నం అనే. మన పల్లెల్లో దగ్గరి ఊరిని పేరు పెట్టకుండా "పట్నం వెళ్ళొస్తా" అంటారే, అచ్చం అలాగే.

బస్సు దిగగానే ట్రైటన్ ఫౌంటెన్, దాని వెనక ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో రూపకల్పన చేసిన నగరద్వారం, పార్లమెంటు భవనం. పక్కనే స్తంభాలు మాత్రమే మిగిలిన పాత ఆపెరా హౌసు. 1942 ఏప్రిల్‌లో బాంబులకు కూలింది. ఇప్పుడు ఆ మొండి గోడల మధ్యే ఆరుబయట నాటకాలు ఆడతారు. పది నిమిషాలు చాలు.

4. తొమ్మిది గంటలకు కథెడ్రల్

బయటి నుంచి చూస్తే ధాన్యపు గిడ్డంగిలా ఉంటుంది. ఇదేనా అనుకుని ముందుకు వెళ్ళిపోకండి. లోపల గోడలో చెయ్యి పెట్టేంత చోటు కూడా బంగారు పూత లేకుండా ఉండదు.

లోపలికి వెళ్ళగానే అందరూ తల పైకెత్తుతారు. మీరు ముందు కిందికి చూడండి. నేలంతా సుమారు 400 మంది నైట్ల సమాధి పలకలే. రంగు రంగుల పాలరాతి ముక్కలు పొదిగి చేసిన అస్థిపంజరాలు, కొడవళ్ళు, ఇసుక గడియారాలు మీ కాళ్ళ కింద ఉంటాయి. సన్న మడమల చెప్పులను రానివ్వకపోవడానికి కారణం ఇదే. అలాంటివి వేసుకొస్తే బయటే నిలిచిపోతారు.

ఆ తరవాత పక్క గదులు. నైట్లను భాషల వారీగా ఎనిమిది వర్గాలుగా విభజించారు. ఇటలీవారిది ఒకటి, ప్రోవాన్స్‌వారిది ఒకటి, ఆరగాన్‌వారిది ఒకటి, ఇలా. ఎవరి గది వారు పక్కవాడికంటే మిన్నగా అలంకరించాలని పోటీపడ్డారు. భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం పోరాడినవాళ్ళం మనం, మనకు ఈ లెక్క వివరించి చెప్పనక్కరలేదు.

చివర ఆరేటరీ అనే ప్రార్థన గది. కనీసం ఇరవై నిమిషాలు దీనికి ఉంచుకోండి. ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం చిత్రం ఉంటుంది. వెడల్పు అయిదు మీటర్ల పైమాటే. చిత్రంలో సగానికి పైగా ఖాళీ చీకటి గోడ, కుడివైపు కిటికీ ఊచల వెనక నుంచి తొంగిచూసే ఇద్దరు ఖైదీలు. నేల మీద చిందిన నెత్తురు దగ్గర ఆగి చూడండి. ఆ నెత్తుటి చారే సాగి చిత్రకారుడి పేరవుతుంది. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే. ఆ ఏడాదే నైట్‌గా స్వీకరించారు, ఆ ఏడాదే గొడవలో జైల్లో పెడితే కోట నుంచి పారిపోయాడు. డిసెంబరు 1న ఇదే గదిలో, ఇదే చిత్రం ముందు సమావేశమై, కుళ్ళిన అవయవాన్ని కోసి పారేసినట్టు వెలివేశారు.

సరిగ్గా చూశారా లేదా అన్నదానికి పరీక్ష: ఆ సంతకం ఎక్కడుందో పక్కవారికి వేలుపెట్టి చూపించగలగాలి. చూపలేకపోతే మళ్ళీ లోపలికి వెళ్ళండి. ఒకసారి బయటపడితే అదే టికెట్ మీద తిరిగి రానివ్వకపోవచ్చు.

5. పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు అప్పర్ బరాక్కా తోట

ప్రవేశం ఉచితం. కమానుల కింద నిలబడితే గ్రాండ్ హార్బర్ అనే పెద్ద రేవు మొత్తం కాళ్ళ దగ్గరే ఉంటుంది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు కింది వరుసలో ఫిరంగి పేలుస్తారు. రేవులోని ఓడల కెప్టెన్లు గడియారాలు సరిచేసుకోవడానికి పుట్టిన ఆచారం అది. కిందికి దిగి దగ్గరి నుంచి చూడటానికి టికెట్ ఉంది, పైనుంచి ఉచితంగా చూసినా ఏమీ తక్కువ కాదు.

పసిపిల్లల చెవులు ముందే మూయండి. ఫొటో తీసేవారు పేలిన తరవాత నొక్కితే పొగే వస్తుంది, పదకొండు యాభై తొమ్మిదికే వీడియో మొదలుపెట్టండి. ఆలస్యమైతే సాయంత్రం నాలుగుకు ఇంకోసారి పేలుస్తారు.

జనం మరీ ఎక్కువగా ఉంటే లోయర్ బరాక్కా వైపు నడవండి. అక్కడి యుద్ధ స్మారకంలో పెద్ద గంట కూడా మధ్యాహ్నమే మోగుతుంది, మనుషులు తక్కువ.

6. తిండి

పాస్తిట్సీ తినకుండా వస్తే రాలేదన్నట్టే. పొరలు పొరలుగా ఉండే పిండిలో కూరిన వేడి వేడి తినుబండారం. రెండు రకాలు ప్రధానం. మధ్యలో నోరు తెరిచి ఉన్నది రికోట్టా జున్నుది. పక్కన మడత వేసి మూసినది బఠాణీది, దానిలో కాస్త మసాలా వాసన ఉండి మన సమోసా గుర్తొస్తుంది. ఆకారం చూసి అడగండి, పేరు తప్పినా ఫరవాలేదు. లోపలిది నాలుక కాలేంత వేడిగా ఉంటుంది, ముందు కొస విరిచి ఆవిరి పోనివ్వండి.

శాకాహారులకు రెండు హెచ్చరికలు. పాస్తిట్సీ పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు వాడేవారు, కొన్నిచోట్ల ఇప్పటికీ వాడతారు, అడిగి తెలుసుకోండి. రెండోది హోబ్జ్ బిజ్-జైట్. పేరుకు అర్థం "నూనెతో రొట్టె" అంతే, టమాటా రాసి ఇస్తారు. కానీ లోపల ట్యూనా చేప తరచుగా ఉంటుంది. మా అమ్మకు కొనిచ్చి, సగం తిన్నాక కనిపెట్టాం. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి పండక్కీ ప్రస్తావనకు వస్తుంది. "ట్యూనా వద్దు" అని ముందే చెప్పండి. బిగిల్లా అనే చిక్కుడు గింజల పచ్చడి, గట్టి బిస్కెట్లతో ఇస్తారు, దానితో ఏ భయమూ లేదు. ఖర్జూరం కూరి వేయించిన ఇమ్‌కారెట్ దొరికితే రెండు కట్టించుకోండి.

7. లిఫ్టులో దిగి అవతలి గట్టుకు

అప్పర్ బరాక్కా తోట పక్కనే 58 మీటర్ల లిఫ్టు ఉంది. దిగి రోడ్డు దాటితే పడవల రేవు. అక్కడి నుంచి అవతలి గట్టున ఉన్న బోర్మ్లాకు ఫెర్రీ పగటిపూట తరచుగా ఉంటుంది, పదినిమిషాల ప్రయాణం. గట్టిగా ఈశాన్య గాలి వీచే చలికాలపు రోజుల్లో ఆపేస్తారు కాబట్టి ఆ నెలల్లో ముందే కనుక్కోండి.

పడవ కదిలాక ముందుకు చూడకండి. వెనక్కి తిరిగి కూర్చోండి. ఇందాక మీరు నిలబడిన కమానులు చిన్నవై, వాటి కింది గోడ పెరుగుతూ పోతుంది. ముట్టడి తరవాత వాళ్ళ భయం ఎంతటిదో ఆ గోడ ఎత్తు చెబుతుంది.

అవతల మూడు పట్టణాలున్నాయి. మూడూ చూడాలని పరుగెత్తకండి, ఒకటి ఎంచుకోండి. పిల్లలుంటే సెంగ్లియా కొసకు నడవండి. అక్కడ చిన్న కాపలా గోపురం మీద రాతిలో ఒక కన్ను, ఒక చెవి చెక్కి ఉంటాయి. రేవును చూస్తున్నాం, వింటున్నాం అని చెప్పడం. పిల్లలు దాన్ని వెతికి పట్టుకోవడంలో మునిగిపోతారు. నావరకైతే బిర్గూ ఇష్టం. 1530లో నైట్లు మొదట దిగింది ఇక్కడే. ఇన్‌క్విజిటర్ (చర్చి తరఫు మత విచారణాధికారి) భవనం వెనక సందుల్లో పూలకుండీలు, తలుపులకు ఇత్తడి చేపల ఆకారంలో తట్టుడు పిడులు, కిటికీలో పిల్లి, అంతే. గంటన్నర ఊరికే తిరగండి.

తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీ బదులు డైసా ఎక్కండి. ముక్కులు పైకి లేచిన రంగుల చిన్న పడవ. ధర ఎక్కకముందే ఖాయం చేసుకోండి. పడవవాడు చెయ్యి అందిస్తే మొహమాటపడకుండా పట్టుకోండి, మధ్యలోకి అడుగు వేయండి, అంచు మీద వేస్తే ఊగుతుంది.

8. సాయంత్రం స్లీమా ఫెర్రీ

లిఫ్టులో పైకి వచ్చి (పైకి రావడానికి చిన్న రుసుము ఉంది, ఫెర్రీ టికెట్ ఉంటే చూపించి అడగండి) అడ్డవీధుల్లో తిరగండి. గోడల నుంచి వేలాడే మూసిన చెక్క బాల్కనీలను గల్లారియా అంటారు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగుల్లో. మధ్యాహ్నం మూసి ఉన్న చిన్న చర్చిలు సాయంత్రం నాలుగు గంటల తరవాత తెరుస్తారు. ఓపిక ఉంటే ఊరి కొసన సెయింట్ ఎల్మో కోటలో యుద్ధ మ్యూజియం ఉంది. 1942లో బ్రిటన్ రాజు ద్వీపం మొత్తానికి ఇచ్చిన జార్జ్ క్రాస్ అనే శౌర్య పతకం అక్కడే ఉంటుంది. ఓపిక లేకపోతే నిశ్చింతగా వదిలేయండి.

సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు మార్సమ్‌షెట్ రేవు వైపు దిగడం మొదలుపెట్టండి. దారి నిటారు, మెట్లు ఎక్కువ. ఉదయం ఇటునుంచి రావద్దని, బస్సులో రమ్మని చెప్పింది ఇందుకే. ఇప్పుడు మీరు దిగుతున్నారు, ఉదయమైతే ఎక్కేవారు. ఆ రేవుకు అవతలి గట్టున ఉన్న స్లీమా పట్టణానికి వెళ్ళే ఫెర్రీలో వెనక వరుసలో కూర్చోండి. పడమటి ఎండ ఊరి ఈ వైపు గోడలకు సూటిగా తగులుతుంది. కార్మెలైట్ చర్చి గుమ్మటం, దాని పక్కన సన్నగా లేచిన ఆంగ్లికన్ శిఖరం, కింద గోడలు, అన్నీ కాసేపు పసుపు దంచి చల్లినట్టు ఉంటాయి. పొద్దున ఇదే చోటి నుంచి చూస్తే అంతా నల్లటి నీడే.

పెద్దవాళ్ళతో వెళితే

"అమ్మానాన్నలు నడవగలరా?" అని అడిగేవారికి: ప్రధాన వీధి, కథెడ్రల్, అప్పర్ బరాక్కా, లిఫ్టు, బోర్మ్లా ఫెర్రీ, ఇవి మోకాళ్ళకు ఇబ్బంది లేనివి. ప్రధాన వీధి సెయింట్ ఎల్మో వైపు వాలుతుంది. వెళ్ళేటప్పుడు సుఖంగా ఉండి, తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది. ఊరి చుట్టూ తిరిగే 133 నంబరు బస్సు అందుకే. డైసా, స్లీమా వైపు మెట్లు మానేయండి. వారిని బస్సులో స్లీమా పంపి మీరు ఫెర్రీలో వెళ్ళినా, ఒడ్డున బెంచీ మీద కూర్చుని వారు చూసేదీ అదే దృశ్యం.

రాత్రి బసకు చేరాక సరిచూసుకోండి

ఫోనులో ఆనాటి ఫొటోలు వెనక్కి తిప్పండి. ఊరు మొత్తం నీళ్ళ అవతలి నుంచి కనిపించే ఫొటో రెండు వైపుల నుంచీ ఉండాలి, ఒకటి గోడలతో, ఒకటి గుమ్మటంతో. గోడలది లేకపోతే మర్నాడు విమానానికి ముందు గంటన్నర దొరికినా చాలు, లిఫ్టు దిగి బోర్మ్లా వెళ్ళి అదే ఫెర్రీలో తిరిగి రావచ్చు. పైగా ఉదయమైతే ఆ వైపు వెలుతురు ఇంకా బాగుంటుంది. గుమ్మటంది లేకపోతే సాయంత్రం దాకా ఆగాలి. ఖాళీ నీళ్ళ సీసాలు చెత్తలో వేయకండి, ఒక్కొక్కదానికి పది సెంట్లు తిరిగిచ్చే యంత్రాలు వీధుల్లో ఉన్నాయి. నలుగురు కుటుంబం రోజంతా తాగిన సీసాలు కలిపితే ఒక పాస్తిట్సీకి దగ్గరగా వస్తాయి.